బాపు వీపు మీద నా చెయ్యి

మా బండిలో ఒక చప్పుడు ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే, దాన్ని నేను ఒక్కసారి కూడా వినలేదు. మా అమ్మాయి రమ్యకు వినబడుతుంది. పాలు పోసే ఆమెకు వినబడుతుంది. చివరికి మా సందు మొదట్లో పడుకునే కుక్కకు కూడా వినబడుతుంది; బండి మలుపు తిరగకముందే లేచి గోడవారకు జరుగుతుంది. నేను మాత్రం పక్క సీట్లో దర్జాగా కూర్చుని, "అమ్మా, మళ్లీ మొదలైంది, విన్నవా?" అని రమ్య అడిగినప్పుడల్లా "ఆఁ, విన్న. పాడు బండి" అని తిడుతుంటాను. ఏడాదిగా ఇదే నాటకం. అబద్ధమాడరాదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పి ఇప్పుడు పింఛను తింటున్న పంతులమ్మను నేను.

అది ఏడుగురు కూర్చునే ఎత్తయిన డీజిల్ బండి. మా ఆయన ఉన్నప్పుడు కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామని ఇద్దరం అనుకున్నాం గాని, ఎవరో వచ్చి టైర్లను కాలితో తన్ని చూస్తుంటే చూడలేక, వాళ్లను చాయ కూడా ఇవ్వకుండా పంపించేశాను. రమ్య మంచిర్యాల పక్క మండలంలో పశువుల డాక్టరు. గుంతల రోడ్ల మీద ఊళ్లు తిరగాలి కాబట్టి బండి తను తీసుకుపోయింది. ఆదివారం ఆదివారం కరీంనగర్‌లో నా దగ్గరికి వస్తుంది. బండికి వయసుతోపాటు రోగాలు వచ్చాయి. డ్రైవరు వైపు అద్దం సగం దిగి ఆగిపోతుంది, ఎక్కించాలంటే రెండు చేతులతో పట్టి లేపాలి. వెనక తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. ఎడమకు తిప్పితే హారను దానంతటదే మోగుతుంది. చూసేవాళ్లు మేమేదో కోపంగా ఉన్నామనుకుంటారు. వీటన్నిటితో సర్దుకున్నాం. ఆ ఇంజను చప్పుడుతోనే సర్దుకోలేకపోయాం.

కరీంనగర్‌లో మూడు గ్యారేజీలు తిరిగాం. ఒకాయన బండికి వైరు తగిలించి కంప్యూటర్లో చూసి, అంతా బాగానే ఉందని చెప్పాడు. రోగి ఎదురుగా మూలుగుతుంటే కాగితంలో రోగం లేదన్నట్టు ఉంది ఆ మాట. ఇంకొకాయన ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. వారం బాగుంది, మళ్లీ వచ్చింది. మూడో ఆయన బెల్టు, దాన్ని లాగి పట్టే చక్రం మార్చి, ఇంజెక్టర్లు కడిగి, ఇక రాదని చేతిలో చెయ్యి వేశాడు. సుల్తానాబాద్ దాటకముందే వచ్చిందని రమ్య ఫోను చేసింది. మరుసటి ఆదివారం రమ్యకు విసుగొచ్చి, గొడ్ల గుండె చూసే స్టెతస్కోపు తీసి, వాకిట్లో బానెట్ ఎత్తి, ఇంజను మీద అక్కడా ఇక్కడా పెట్టి విన్నది. తర్వాత ఆ గొట్టాలు నా చెవుల్లో పెట్టింది.

"విన్నవా అమ్మా? గలగలా అంటుంది. డబ్బాలో పలుగురాళ్లు వేసి ఊపినట్టు."

నాకు ఏమీ వినబడలేదు. నీళ్లలో మునిగినప్పుడు ఉండేలాంటి హోరు ఒకటి తప్ప. "ఆఁ, ఇప్పుడు మంచిగ ఇనవడ్డది" అన్నాను. అని, ఎందుకో తెలియకుండానే నా కుడిచెయ్యి ఇంజను అంచు మీద ఆనించాను. వెచ్చగా, సన్నగా అదురుతోంది. ఆ అదురు మోచేతి దాకా పాకింది. నలభై ఏళ్లకు పైగా నేను ఏ ఇంజను మీదా చెయ్యి పెట్టలేదు. పెట్టగూడదని ఒట్టేసుకున్నానని కూడా మరిచిపోయాను.

మా బాపు లచ్చయ్య జీపుల మెకానిక్కు. మంచిర్యాలలో రైలు పట్టాలకు ఇవతల రేకుల షెడ్డు, దాని వెనకనే మా ఇల్లు. ఇంటికీ షెడ్డుకూ నడుమ ఒక తడక మాత్రమే ఉండేది కాబట్టి మా ఇంట్లో అన్నానికి కూడా డీజిల్ వాసన ఉండేదని మా చుట్టాలు అనేవాళ్లు. నాకైతే రెండు వాసనలు గుర్తు. ఒకటి డీజిల్, రెండోది తునికాకు. అవ్వ, అంటే మా అమ్మ, తడక ఇవతల కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆకు తడిపి, గుడ్డలో మూటగట్టి, పొద్దున్నే కత్తెరతో కోసేది. ఆ కత్తెర చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. బాపు పొద్దున జొన్నగటక తిని, పని మొదలుపెట్టేముందు రెండు చేతులూ కళ్లకద్దుకునేవాడు. దేవుడి పటానికి కాదు, తన చేతులకే దండం. సాయంత్రం రంపపుపొట్టూ కిరసనాయిలూ కలిపి మోచేతుల దాకా రుద్ది కడుక్కునేవాడు. ఎంత కడిగినా గోళ్ల కింద నలుపు పోయేది కాదు. ఆ గోళ్లతోనే నాకు జామకాయ నాలుగు చీలికలు చేసి పెట్టేవాడు.

బాపుకు చెవులు వినబడేవి కాదు. కొంత ఇంజన్ల మోత వల్ల, కొంత ఒక వానాకాలం వచ్చిన జ్వరం వల్ల పోయాయని అవ్వ చెప్పేది. నాకు బుద్ధి తెలిసేసరికే అంతా పోయింది. ఈ సంగతి మా ముగ్గురికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేముంది? చెవిటి మెకానిక్కుకు బండి ఎవరిస్తారు? బాపు మనిషి ఎదురుగా నిలబడి పెదాలు చూసి మాట్లాడేవాడు. పెదాలు అందకపోతే ఒక చిరునవ్వు, ఒక తల ఊపు. పక్క షెడ్డులో వెల్డింగు చేసే రహీం చిచ్చా కూడా, లచ్చన్న తక్కువ మాట్లాడే పెద్దమనిషి అనే అనుకునేవాడు. ఇంట్లో అవ్వ ఆయన్ను పిలవాలంటే కాలితో నేల తట్టేది. ఒకసారి ఎవరో డ్రైవరు ఇంకెవరి గురించో చెబుతూ, "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది నా బతుకు" అని నవ్వితే, తడక ఇవతల అవ్వ చేతిలో బీడీ విరిగిపోయింది.

మరి చప్పుడు వినకుండా ఇంజను రోగం ఎలా పట్టేవాడంటే, సగం ఆయన చెయ్యి, సగం నేను. బండి స్టార్టు చేయించి బానెట్ మీదనో ఇంజను మీదనో కుడి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. అక్కడ ఒక అదురు ఉందని, అది సరైంది కాదని ఆ చెయ్యి చెప్పేది. ఎలాంటి చప్పుడో చెప్పడం నా పని. నేను ఆయన వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసేదాన్ని. పైనుంచి టక్కు టక్కుమని సన్నగా వస్తే గోటితో కొట్టేదాన్ని. రేకు కదిలినట్టు గలగలమంటే వేళ్లతో గీరేదాన్ని. కింది నుంచి రోట్లో దంచినట్టు బరువుగా వస్తే వేలి కణుపుతో పొడిచేదాన్ని. చప్పుడు పోయిందంటే అరచెయ్యి పరిచి పెట్టేదాన్ని. అంతే, నాలుగు గుర్తులు. ఎవరు నేర్పారో, ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు లేదు. పిల్ల తండ్రిని వదలదు, ఎంత ప్రేమో అని చూసేవాళ్లు మురిసిపోయేవాళ్లు. "లచ్చన్న చెయ్యి వెడితే బండి తన రోగం తనే చెప్తది" అని చెన్నూరు దాకా పేరు పాకింది.

చిన్నప్పుడు అది నాకు ఆట. పెద్దయ్యేకొద్దీ చెర అయింది. బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి షెడ్డుకు పోవాలి. తోటి పిల్లలు నా జడ దగ్గర వాసన చూసి ముక్కు మూసుకునేవాళ్లు. నేను ఓణీ వేసుకోవడం మొదలయ్యాక అవ్వ కూడా ఊరుకోలేదు.

"పెద్దపిల్ల అయినంక గా డ్రైవర్ల నడుమ నిలవడుడు ఏంది? లోకం ఏమంటది?" అంది ఒకరోజు, బాపు ముఖానికి ఎదురుగా నిలబడి.

"లోకానికేం ఎర్క" అన్నాడు బాపు. "దాని చెయ్యి లేకుంటే నా చెయ్యి గుడ్డిది."

ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటుంటాను. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

పోశం మామ అని ఒక డ్రైవరు ఉండేవాడు. మామ అంటే చుట్టరికం కాదు, షెడ్డు వరస. లక్షెట్టిపేటకు మనుషులను ఎక్కించుకుని జీపు నడిపేవాడు. ఆ జీపే ఆయన పొలం, ఆయన పాడి. ఆ ఏడు వానలు తగ్గిన దగ్గర్నుంచి ఆ జీపులో ఒక చప్పుడు మొదలైంది. మొదటిసారి నేను గోటితో కొట్టాను, బాపు పైన మూత తీసి వాల్వుల సందులు సరిచేశాడు. పోయింది. పది రోజులకు తిరిగి వచ్చింది. రెండోసారి ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడోసారి పోశం మామ వచ్చినప్పుడు నేను కణుపుతో పొడిచాను. బాపు ముఖం మారింది. కింది నుంచి దంచినట్టు వస్తే అది లోపలి రోగం. సరిచేయకుండా నడిపితే లోపలి రాడ్డు విరిగి ఇంజనునే పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

పోశం మామకు దసరా ముందర ఖాళీ లేదు. పండుగకు ఊళ్లకు పోయే జనం, సద్దుల బతుకమ్మ మరునాడు పొద్దున్నే కిరాయి ఒప్పుకున్నాడు. "లచ్చన్నా, ఎట్లనన్న ఎల్లుండికి తయారు చెయ్యాలె. పండుగ పూట నా పిల్లల నోట్ల ఇంత తీపి పడాలె గదా" అన్నాడు. బాపు రెండు రోజులు జీపు కింద వెల్లకిలా పడుకుని, కింది నూనె తొట్టి దింపి, బేరింగు మార్చి, తిరిగి బిగించాడు. బిగించేసరికి సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం అయింది.

తెలంగాణలో పుట్టిన ఆడపిల్లకు ఆ సాయంత్రం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అవ్వ తెల్లవారి నుంచి తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలు పేర్చి నడుమెత్తు బతుకమ్మను నిలబెట్టింది. నువ్వుల సద్ది, పెరుగు సద్ది గిన్నెల్లో పెట్టింది. నాకు కొత్త లంగా, ఓణీ. వాడకట్టు పిల్లలంతా మా గుమ్మం ముందు నుంచే గోదావరి వైపు కదులుతున్నారు. "సరూపా, వస్తవా, రావా?" అని తడక మీది నుంచి ఒకతి అరిచింది. నేను కొత్త బట్టలతో షెడ్డులో, ఒక చేత్తో లంగా నేలకు తగలకుండా పట్టుకుని, ఇంకో చెయ్యి బాపు వీపు మీద వేసి నిలబడి ఉన్నాను. ఓణీకి నూనె మరక అంటుతుందేమోనని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఇంజను వేడెక్కేదాక ఉండు బిడ్డా" అన్నాడు బాపు. "సల్లగున్నప్పుడు ఏ ఇంజనైనా మంచిగనే ఉంటది. వేడెక్కితెనే దాని గుణం తెలుస్తది."

పోశం మామ స్టార్టు చేసి, సీట్లో కూర్చుని కాలితో కొద్దిగా రేసు ఇస్తున్నాడు. మొదట ఏ చప్పుడూ లేదు. నాకు ఆనందమైంది. బాపు చెయ్యి ఇంజను మీదే ఉంది. పొద్దు రేకుల కిందికి దిగింది. అవతల చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లతో పాటే, వాటి అడుగు నుంచి వచ్చినట్టు, ఇంకో చప్పుడు వినబడింది. సన్నగా. లోపల ఎక్కడో, గుడ్డ చుట్టిన రోకలితో దంచినట్టు. ఒకటి, ఇంకొకటి. చప్పట్లదేమో అనుకున్నాను. కాదు. చప్పట్లు ఆగినప్పుడు కూడా ఉంది.

కణుపుతో పొడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తొట్టి మళ్లీ దింపుతాడు. నేను మళ్లీ నిలబడాలి. బతుకమ్మ గోదాట్లో కలిసిపోతుంది. రేపు చెప్పవచ్చు అనుకున్నాను. ఇంత సన్నటి చప్పుడు ఒక్కరోజులో ఏం చేస్తుంది అనుకున్నాను. నా అరచెయ్యి పరిచి బాపు వీపు మీద పెట్టాను.

బాపు చెయ్యి ఇంకా ఇంజను మీదే ఉంది. ఎంతసేపు ఉందో చెప్పలేను. నాకైతే చాలాసేపు అనిపించింది. వెనక్కి తిరిగి నా ముఖం చూడలేదు. చూసి ఉంటే దొరికిపోయేదాన్ని. మెల్లగా చెయ్యి తీసి, గుడ్డతో తుడుచుకుని, పోశం మామ వైపు తల ఊపాడు. నాకు వీపు పెట్టే అన్నాడు, "పో బిడ్డా, ఆలిస్యమైతంది."

ఆ రాత్రి నేను ఆడినంతగా ఎన్నడూ ఆడలేదు. పోశం మామ భార్య రాజవ్వ తన సద్దిలోంచి ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. "మీ బాపు మా బండిని నిలవెట్టిండు బిడ్డా" అని నా గదుమ పట్టుకుంది. ఆ ముద్ద మింగానో లేదో నాకు జ్ఞాపకం లేదు.

మర్నాడు పొద్దెక్కకముందే లక్షెట్టిపేట దాటాక ఇంజను పగిలింది. మనుషులకు ఏమీ కాలేదు, దిగి నడిచిపోయారట. బండిని ఎద్దులబండికి కట్టి లాక్కొచ్చి మా షెడ్డు ముందు పెట్టారు. ఇంజను పక్కన పిడికిలి పట్టేంత రంధ్రం. నేను తడక సందులోంచి చూశాను. డ్రైవర్లంతా గుమిగూడారు, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అవ్వ నన్ను జబ్బ పట్టి వెనక అర్రలోకి గుంజి తలుపు వేసింది, మాటలు నాకు అందలేదు. సాయంత్రానికల్లా లచ్చయ్యకు చెవులు వినబడవన్న సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఆ తర్వాత మా షెడ్డుకు ఒక్క బండి రాలేదు.

పోశం మామ జీపును తుక్కు కింద అమ్మి, వీసా దొరకబుచ్చుకుని దుబాయ్ పోయాడు. తిరిగొచ్చినప్పుడు జుట్టంతా తెల్లబడిందని విన్నాను, నేను చూడలేదు. మేము సుల్తానాబాద్ వెళ్లిపోయాం. అక్కడ బాపు ఒక బియ్యం మిల్లుకు కావలివాడయ్యాడు. రోజంతా గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. మిల్లు నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడు లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఒకసారి మిల్లు యజమానితో ఏదో మర చెడిపోబోతోందని చెప్పాడట. కావలివాడికి మరల సంగతి ఎందుకని ఆయన నవ్వాడట. నా కాలేజీ చదువు, టీచరు ట్రైనింగు, ఉద్యోగం అన్నీ ఆ స్టూలు మీద వచ్చిన జీతంతోనే. బాపు నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ సాయంత్రం గురించి ఆయన నోట, అవ్వ నోట ఒక్క ముక్క రాలేదు. ఎలాగూ ఏదో ఒకరోజు బయటపడే గుట్టే, దానికి నా అబద్ధం ఒక నెపం మాత్రమే అని నేను నాకు చెప్పుకున్నాను. చెప్పుకుంటూ ఇంత వయసుదాన్నయ్యాను.

చివరి రోజుల్లో ఆయనకు చూపు కూడా మందగించింది. పెదాలు కనబడవు, మాట వినబడదు. గోడ వైపు తిరిగి పడుకుంటే పక్కన కూర్చుని వీపు నిమిరేదాన్ని. చెప్పేయాలని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. కాని ఇల్లంతా చుట్టాలు. అది గట్టిగా అరిచి చెప్పే మాట కాదు. వీపు మీద కణుపుతో పొడుద్దామా అని కూడా అనుకున్నాను. ధైర్యం చాలలేదు.

మొన్న రమ్యే అంది, ఇక మంచిర్యాలలోనే ఎవరికైనా చూపిద్దామని. అడిగితే ఎవరో రహీం చిచ్చా షెడ్డు పేరు చెప్పారట. నాకు తెలిసిన రహీం చిచ్చానే. వద్దనబోయి, నేనూ వస్తానన్నాను.

మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ దుకాణాలు. రహీం చిచ్చా మాత్రం అక్కడే ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, నడుము వంగింది. లోపల పనివాళ్లు పని చేస్తుంటే ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఒక నిమిషం తేరిపార చూశాడు.

"క్యా బేటీ, నువ్వు లచ్చన్న బిడ్డ సరూపవు గాదూ? జర కూసో, కూసో" అని తన కుర్చీ నాకు ఇచ్చి తను లేచాడు.

బండి కథంతా రమ్య చెప్పింది. మార్చిన సామాన్లన్నీ వరసగా చెబుతుంటే ఆయన నవ్వాడు. స్టార్టు చేయించి, ఒక కట్టె పట్టుకుని, బండి కిందికి వంగి ఒక్కోచోట నొక్కి పట్టుకుంటూ పోయాడు. నాలుగోచోటో ఐదోచోటో ఆగాడు. "సైలెన్సర్ మీది రేకు" అన్నాడు. "వేడి తగలకుండ కప్పిన రేకు. ఒక వెల్డింగు టాకా ఊడింది. ఇంజనుకు ఏ బీమారీ లేదు." కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది మా పని. ఏడాదిపాటు అందరూ లోపల వెతికారు, రోగం పైరేకులో ఉంది. ఆ రోజు పోశం మామ జీపుకు మొదట పైన వెతికాం, రోగం లోపల ఉంది. గలగలమంటుందని రమ్య చెప్పినప్పుడే నాకు తెలియాల్సింది. వేళ్లతో గీరాల్సిన చప్పుడు అది.

ఆయనే వెల్డింగు అద్దం కళ్లకు పెట్టుకుని టాకా వేశాడు. వేసి, లేచి, నడుము పట్టుకుంటూ అన్నాడు, "మీ బాపు ఉంటే ఈ కట్టె కూడ అక్కర లేకుండె. చెయ్యి వెట్టి చెప్పేటోడు."

"చెవులు లేవని బయటపడ్డంక చెయ్యి ఉండి ఏం ఫాయిదా చిచ్చా" అన్నాను.

"బయటపడుడు ఏంది?" అన్నాడు, ఆశ్చర్యంగా. "ఎవ్వరికి ఎర్క ఉండె? మీ బాపే చెప్పిండు."

నాకు అర్థం కాలేదనుకుని దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు.

"గా దినం పోశం మస్తు గుస్సా మీద ఉన్నడు. 'నీ బిడ్డ నీ వీపు మీద ఏదో చెప్తది, నేను శాన దినాల సంది చూస్తున్న. నిన్న గామె తొందరల ఉండె. గామెనే తప్పు చెప్పింది, బయటికి పిలువు' అన్నడు. మీ బాపు తడకకు అడ్డం నిలవడ్డడు. 'నా బిడ్డకేం తెల్సు? నాకే చెవులు ఇనవడయి, పదేండ్ల సంది. నేనే మిమ్ముల మోసం చేసిన' అన్నడు. అందరి ముంగట చేతులు జోడించిండు. నాకు గప్పుడే తెలిసింది. పక్కన ఉండి పదేండ్లు తెల్వలే."

రమ్య డ్రైవరు సీట్లో ఉంది, సగం దిగిన అద్దంలోంచి వింటోంది. ఇంజను నడుస్తూనే ఉంది.

"తర్వాత అడిగిన నేను" అన్నాడు చిచ్చా. "లచ్చన్నా, నీ చెయ్యికి కూడ తెల్వలేదా అని. 'చెయ్యికి తెలుస్తనే ఉండె రహీం' అన్నడు. 'కాని సప్పుడు పోయిందని బిడ్డ చెయ్యి చెప్పింది. బిడ్డ కన్న నా చెయ్యి ఎక్కువనా? తీసేసిన' అన్నడు."

నేను లేచి బానెట్ మీద చెయ్యి పెట్టాను. నిలబడటానికి ఆసరా కోసం అనుకోండి. వెచ్చగా అదురుతోంది. చిచ్చా నా ముఖం చూడలేదు, బండి వైపు చూస్తూ అడిగాడు.

"ఇప్పుడు జర ఇను బేటీ. సప్పుడు పోయిందా?"

"నాకు ఇనవడదు చిచ్చా" అన్నాను. "ఏడాది దాటింది. దీని సప్పుడు నేను ఒక్కనాడు ఇనలే. ఇన్నట్టు చెప్పుకుంట వచ్చిన." రమ్య సీట్లోంచి దిగుతోంది. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేను. "గా దినం మాత్రం ఇనవడ్డది. కింది నుంచి దంచుతనే ఉండె. ఇనుకుంటనే నేను చెయ్యి పరిచి వెట్టిన. బతుకమ్మకు పోవాలెనని."

చిచ్చా చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"నాతోని చెప్తే ఏమొస్తది బిడ్డా" అన్నాడు చివరికి. కోపంగా కాదు. నిజంగానే ఏమీ రాదు కాబట్టి.

నేను బానెట్ మీద చెయ్యి తీయలేదు. ఏడుపు వస్తోంది, ఈ వయసులో రోడ్డు పక్కన ఏడవగూడదని పళ్లు బిగించాను. అంతలో వెనక నుంచి రమ్య వచ్చి నా వీపు మీద అరచెయ్యి పరిచి పెట్టింది. దానికి ఆ గుర్తులు తెలియవు, నేనెన్నడూ చెప్పలేదు. తల్లిని ఓదార్చడానికి పెట్టింది, అంతే. కాని ఆ చెయ్యి పడగానే, చప్పుడు పోయిందని నాకు తెలిసింది. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు.